స్టీలు ట్యాంకు మీద తుప్పు చారలు

మా ముత్తాత నర్మెట్ట దిక్కున ఏడు ఊళ్లకు మాలీ పటేల్. ఆ ఊళ్ల శిస్తు ఆయన చేతి మీదుగా పోయేది. ఆయన కొడుకు, అంటే మా తాత, పోలీసు పటేల్. తగాదా ఏదైనా ఠాణాకు పోకముందు మా అరుగు మీదికి వచ్చేది. మా నాయన కాలానికి పటేలరికం పోయింది, భూమి పోయింది, అరుగు మిగిలింది. నా కాలానికి ఆ అరుగు మీద కూర్చునేవాళ్లు కూడా లేరు. ఐటీఐలో ఫిట్టర్ కోర్సు చదివి, జనగామలోని ఒక చిన్న ప్రైవేటు పాల కేంద్రంలో నట్లు బిగించే పనికి చేరాను. ముప్పై ఒక్క ఏళ్లు చేసి మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌గా దిగిపోయాను.

ఇదంతా గొప్ప కోసం చెబుతున్నానని మీకు అనిపిస్తే, కొంత గొప్ప కోసమే. మిగతాది ఎందుకంటే, నా ఉద్యోగం మొత్తంలో నేను చేసిన అతి పెద్ద తప్పు మా ఇంటి అలవాట్ల నుంచే వచ్చింది. మా ఇంట్లో సంతకం పెట్టిన కాగితాన్ని వెనక్కి తీసుకోరు. అది ఒకటి. ఇంటికి కొత్త వస్తువు వస్తే, ఎడ్లబండి కానీ బోరు మోటారు కానీ, నల్లగుడ్డలో దొడ్డుప్పు, నిమ్మకాయ మూట కట్టి దానికి దిష్టి తగలకుండా వేలాడదీస్తారు. ప్రతి అమావాస్యకు పాత ఉప్పు తీసి కొత్త ఉప్పు పోస్తారు. అది రెండోది.

ఉద్యోగం చివరి రోజుల్లో మా కేంద్రానికి ఐదువేల లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు ట్యాంకు వచ్చింది. అప్పటిదాకా బచ్చన్నపేట నుంచి, నర్మెట్ట నుంచి వచ్చే పాలను పాత చిన్న ట్యాంకుల్లో సర్దుకునేవాళ్లం. ఎండాకాలంలో ఎన్ని పాలు విరిగేవో చెప్పలేను. కొత్త ట్యాంకును చేసింది భూపాలపల్లిలోని ఒక ఉస్తాద్. కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు వెల్డరుగా ఇరవై ఏళ్లు చేసి, ఆ పని మానుకుని సొంత షెడ్డు పెట్టుకున్నవాడు. పాల ట్యాంకులు చేయడం ఆయనకు అదే మొదలు. మాకు ఒకటి, మహబూబాబాద్‌లోని మా ఇంకో కేంద్రానికి ఒకటి చేసిచ్చాడు. ఆ ఊరిని మేం మానుకోట అంటాం. ఇవి నిలబడితే కంపెనీ ఇంకో మూడు ట్యాంకులు ఆయనతోనే చేయించాలని అనుకుంది.

లారీ మీది నుంచి ట్యాంకు దిగిన రోజు మా కేంద్రంలో పెళ్లి జరిగినట్టే ఉంది. పాలు పోయడానికి వచ్చిన రైతులు క్యాన్లు కింద పెట్టి వరసగా తడిమి చూశారు. మా మేనేజర్, నాకంటే పదేళ్లు చిన్నవాడు, నా భుజం తట్టాడు.

"పటేలా, నీ మొఖం అండ్ల కనబడ్తుంది, సూస్కో. మీసాలు దిద్దుకో."

"నా మొఖం సంగతి పక్కకు పెట్టు. ఇంతమంది కండ్లు వడ్డయి దీని మీద."

అదే పూట నిచ్చెన వేసుకుని ఎక్కాను. ట్యాంకు పైన మూత ఉండే మెడ భాగానికి నా చేతులతో ఉప్పు మూట కట్టాను. ఆ తర్వాత ఏ అమావాస్యకూ తప్పలేదు. జ్వరం ఉన్నా ఎక్కాను. ఆ పని ఇంకెవరికీ అప్పగించలేదు.

రెండో వానాకాలంలో ట్యాంకు గోడ మీద గోధుమరంగు చార ఒకటి కనిపించింది. ఎవరో టీ ఒలకబోశారనుకుని తుడిచాను. వారం తిరక్కుండానే మళ్లీ వచ్చింది, పక్కన ఇంకో రెండింటితో. వేలితో రుద్దితే గరుకుగా తగిలింది. స్టీలుకు తుప్పు! మేనేజర్ పాత స్పీకరు విప్పి అందులోని అయస్కాంతం తెచ్చాడు. మంచి స్టీలైతే అయస్కాంతం అతుక్కోదని అందరిలాగే మాకూ నమ్మకం. గోడకు పెడితే జారిపోయింది. అంచు మడత దగ్గర పెడితే అతుక్కుని నిలబడింది.

"సూసినవా! ఇనుము కలిపిండు. మనల్ని ఎడ్డోళ్లను జేసిండు పటేలా."

నేను దగ్గరుండి దించుకున్న ట్యాంకు అది. అప్పటికప్పుడు కాగితం తీసుకుని, ఉస్తాద్ నాసిరకం మాల్ వాడాడని, ఇకముందు ఆయనకు పని ఇవ్వకూడదని, ముత్యాల్లాంటి అక్షరాలతో హైదరాబాద్ ఆఫీసుకు రాసి సంతకం పెట్టాను. సోమవారం ఆఫీసరమ్మ వచ్చి చూసి, ఆయన పేరు కొట్టేసి పోతుందని జవాబు వచ్చింది.

శుక్రవారం ఉస్తాద్ ఫోన్ చేశాడు.

"పటేల్ సాబ్, నా మీద కాగితం రాసినరట."

"రాసిన."

"ఒక్క మాట నన్నడిగితే ఏం పోయేది సాబ్?"

"తుప్పు నన్నడిగి వచ్చిందా?"

ఉస్తాద్ మెల్లగా అన్నాడు. "మానుకోటల నేను జేసిన ట్యాంకు ఉన్నది. గదే రేకు, గదే లారీల వచ్చింది. జర పోయి సూడుండ్రి. దానికి తుప్పుంటే మీ కాగితం కింద నేను గూడ సంతకం పెడ్త. ప్లాంటు పని ఇడిసిపెట్టి ఈ షెడ్డు ఏసుకున్న సాబ్. మీరు కొట్టేస్తె ఇగ పాలోళ్లు ఎవ్వరు నన్ను పిలువరు."

శనివారం పొద్దున్నే జేబులో అయస్కాంతం వేసుకుని డోర్నకల్ వైపు పోయే రైలెక్కి మహబూబాబాద్‌లో దిగాను. ఆయన అబద్ధాన్ని పట్టుకోవాలనే పోయాను, దాచుకోవడం ఎందుకు. అక్కడి ట్యాంకు నిన్న మొన్న దించినట్టు మెరుస్తోంది. చుట్టూ మూడుసార్లు తిరిగాను. మచ్చ లేదు. అంచు మడత దగ్గర అయస్కాంతం పెట్టాను. టక్కున అతుక్కుంది. మా ట్యాంకుకు ఎలా అతుక్కుందో అలాగే!

అయస్కాంతం అతుక్కుంది, తుప్పు మాత్రం లేదు. అంటే నేను ఏ రుజువు చూసుకుని సంతకం పెట్టానో అది రుజువే కాదు. అక్కడి ఆపరేటర్ నన్ను వింతగా చూశాడు.

"ఏంది సార్, డాక్టర్ లెక్క నాడి పట్టి సూస్తున్నరు? దానికి జరమొచ్చిందా?"

"దానికి రాలే. నాకొచ్చేటట్టున్నది."

నిజానికి ఒళ్లంతా ఏదో హుషారు పాకింది. ముప్పై ఏళ్లుగా రోజూ తాకుతున్న లోహం గురించి నాకు ఓనమాలు కూడా తెలియవని ఆ నిమిషంలో అర్థమైంది. ఇంటికి పోవాల్సినవాణ్ణి భూపాలపల్లి బస్సెక్కాను.

ఉస్తాద్ షెడ్డు బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన ఉంది. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, నవ్వలేదు. ఆయన భార్య మంచినీళ్లు ఇచ్చింది. నేను అయస్కాంతం తీసి బల్ల మీద పెట్టాను.

"మానుకోట ట్యాంకుకు గూడ అతుక్కున్నది," అన్నాను.

అప్పుడు నవ్వాడు. "గింత దూరం గీ ముక్క చెప్పెతందుకొచ్చిండ్రా సాబ్!"

స్టీలు ముక్క ఒకటి తీసి అయస్కాంతం పెట్టాడు. జారింది. ముక్కను దిమ్మె మీద పెట్టి సుత్తితో మడిచి మళ్లీ పెట్టాడు. మడత దగ్గర అతుక్కుంది. "మడిస్తె, కొడితె స్టీలు జర గుణం మార్తది. అయస్కాంతాన్ని పట్టుకుంటది. గంతమాత్రానికి కల్తీ అయితదా?"

తర్వాత షెడ్డు లోపలికి తీసుకుపోయాడు. స్టీలు పనికి వేరే గది, వేరే బ్రష్షులు, వేరే సాన రాళ్లు. ఇనుము మీద వాడిన బ్రష్షును స్టీలు మీద పెడితే ఇనుప రజను అంటుకుని తుప్పు పడుతుందట. అందుకని స్టీలు బ్రష్షుల పిడికి ఆకుపచ్చ గుడ్డ చుట్టి పెట్టుకున్నాడు. "నా కొడుకు ముట్టుకున్నా చెయ్యి ఇరగ్గొడ్త," అన్నాడు.

స్టీలు ఎందుకు తుప్పు పట్టదో నేను మొదటిసారి విన్నది అక్కడే, ఆ మసి గోడల మధ్య. ఇప్పుడు పాలిటెక్నిక్ చదివి వస్తున్న మీకు ఇది పాత పాఠం కావచ్చు. నాకు మాత్రం రోమాలు నిక్కబొడుచుకున్నాయి. మామూలు ఇనుము తుప్పు పడితే ఆ తుప్పు పొట్టులా ఊడిపోతుంది, కింది ఇనుము మళ్లీ గాలికి బయటపడుతుంది, అది కూడా తుప్పు పడుతుంది, చివరికి ఏమీ మిగలదు. స్టెయిన్‌లెస్ స్టీల్లో క్రోమియం కలిపి ఉంటుంది. గాలి తగలగానే ఇనుము కంటే ముందు అది ఎదురుపోయి గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని పైన ఒక పొర కడుతుంది. ఒకరకంగా అదీ తుప్పే. కానీ అది ఊడదు. కంటికి కనబడదు. కింద ఉన్నదాన్ని గట్టిగా కప్పి ఉంచుతుంది. గీత పడితే? ఉస్తాద్ మేకుతో రేకు మీద బర్రున గీకాడు.

"ఇగో, పొర శినిగింది. మీరు కన్నుమూసి తెరిసెలోపు మళ్ల కట్టుకుంటది. గాలి తగిలితె సాలు. దీనికి రంగెయ్యాల్నా, నూనె రాయాల్నా? దాని అంగి అదే కుట్టుకుంటది సాబ్!"

నేను ఆ గీతను వేలితో రాస్తూ నిలబడ్డాను. "మరి మాదానికేమైంది?" అన్నాను.

"ఆ పొరను తినేటిది ఏదో తగిలింది. ఆసిడ్ పోసిండ్రా?"

"లే."

"బ్లీచింగ్ పౌడరు?"

"నేనుండంగ ఎవడు పోస్తడు?"

గడప దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న ఆయన భార్య తలెత్తకుండానే అంది. "ఉప్పు గిట్ల తగిలిందేమో సూడుండ్రి అన్నా. మా అత్త స్టీలు డబ్బాల తడి ఉప్పు పోసి పెట్టింది. అడుగుకంత సూదితోని పొడిసినట్టు బొక్కలు వడ్డయి. ఉప్పును ఎవరన్న స్టీలు డబ్బాల పోస్తరా?"

ఉప్పు.

మా ఇంట్లోనూ ఉప్పు జాడీలోనే ఉంటుంది. మా అమ్మ పుట్టినప్పటి నుంచీ జాడీలోనే. వంటింట్లో తెలిసిన సంగతిని నిచ్చెన ఎక్కేటప్పుడు ఎక్కడ వదిలేశానో! పాలు చల్లగా ఉండడం వల్ల ట్యాంకు మెడకు ఎప్పుడూ చెమట పడుతుంది. ఆ చెమటలో నా మూట నానుతుంది. ఉప్పునీళ్లు బొట్టు బొట్టుగా గోడ మీదికి కారతాయి. గోధుమరంగు చారలన్నీ సరిగ్గా ఆ మూట కిందే ఉన్నాయి. కళ్ల ముందు బొమ్మ గీసినట్టు కనబడింది. ఎగిరి గంతేయాలనిపించింది. ఆ వెంటనే నేలలోకి దూరిపోవాలనిపించింది.

"నేను పోవాలె," అని లేచాను.

"ఇగో అన్నం వడ్డిస్తున్నది," అన్నాడు ఉస్తాద్.

"ఆకలి లేదు."

ఆయన ముఖం ముడుచుకుంది. "మా ఇంట్ల తినరా పటేల్ సాబ్?"

దానికి జవాబు చెప్పకుండా వచ్చేశాను. చెబితే మూట సంగతి చెప్పాలి. బస్సులో దారి పొడుగునా ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది.

ఆదివారం పొద్దున నిచ్చెన ఎక్కి మూట విప్పాను. గుడ్డ మెడకు కరుచుకుని ఉంది. దాని కింద స్టీలు నల్లబడి, గోరు ఆడిస్తే గుంటలు గుంటలుగా తగిలింది. తడి గుడ్డ కింద గాలి ఆడదు, గాలి ఆడనిచోట తెగిన పొర మళ్లీ కట్టుకోదు. మేనేజర్‌ను పిలిచి చూపించాను. ఆయన అటూ ఇటూ చూశాడు.

"పారెయ్ పటేలా. రేపు వచ్చేటామెకు అయస్కాంతం సూపెడ్దాం. అయిపాయె."

"మరి ఉస్తాద్?"

"ఆయనకు పన్లు దొరకవా ఏంది? నీకింక ఏడాది సర్వీసు ఉన్నది. మీ తాత సంతకం జేసి ఎన్నడన్న ఎనుకకు తీస్కున్నడా?"

నా బలహీనత ఆయనకు బాగా తెలుసు. మూట చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. మా కేంద్రం వెనక ముళ్లపొదలు ఉన్నాయి. చెయ్యి విసిరితే చాలు. ఒప్పుకోవాలని ఉంది, నోరు మాత్రం రావడం లేదు. చివరికి నాకు తోచిన ఉపాయం ఏమిటంటే, నా నోటికి ముందే ఇంకేదైనా ఆ మాట చెప్పేస్తే నేను వెనక్కి పోలేను. ల్యాబులోకి నడిచాను.

మా ల్యాబు చూసే అమ్మాయి మానుకోట దగ్గరి తండా నుంచి వచ్చింది. పాల పరీక్షలో ఆమె కన్నుగప్పిన రైతు లేడు.

"నీళ్లు కలిపిన సంగతి దొరక్కుండ పాలల్ల ఉప్పేస్తే తెలిసే మందు ఉన్నది కదమ్మా నీ దగ్గర?"

"ఉన్నది సార్. ఎవరి పాలు? పేరు చెప్పుండ్రి, సంగతి సూస్త."

"పాలు కావు. ట్యాంకు గోడ."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "గోడకు ఉప్పు ఎవరు కలుపుతరు సార్?"

"రేపు ఆఫీసరమ్మ ముంగట చేసి సూపెట్టాలె. ఇయ్యాల ఏం అడుగకు."

సోమవారం ఆఫీసరమ్మ వచ్చింది. మా అమ్మాయి వయసుంటుంది, మాట కరుకు. ఉస్తాద్ మొదటి బస్సుకే వచ్చి, ఉతికిన తెల్ల బట్టల్లో గేటు దగ్గర నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. మేనేజర్ అయస్కాంతం పట్టుకుని ముందుకు వచ్చాడు. నేను ఆయన చేతిని పక్కకు నెట్టి, "ముందుగల్ల ఇది సూడుండ్రి మేడం," అన్నాను.

ల్యాబు అమ్మాయి మూడు గాజు గొట్టాలు పెట్టింది. ఒకదాంట్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్. ఒకదాంట్లో ఉస్తాద్ వెల్డింగ్ చేసిన అతుకును దూదితో తుడిచి పిండిన నీళ్లు. మూడోదాంట్లో గోధుమరంగు చారను తుడిచి పిండిన నీళ్లు. మూడింట్లోనూ ఉప్పును పట్టే ఆ మందు, సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసింది. మొదటి గొట్టం తేటగా ఉంది. రెండోది తేటగా ఉంది. మూడోదాంట్లో చుక్క పడీ పడగానే తెల్లగా పొగలా కమ్మింది, పెరుగు తోడుకున్నట్టు ముద్దలు కట్టి కిందికి దిగింది.

"ఉప్పే సార్! ఉప్పే!" ఆ అమ్మాయి ఎగిరినంత పని చేసింది. "గింత ఉప్పు ఏ దొంగ పాలల్ల గూడ సూడలే!"

నేనూ అరిచాననుకుంటాను. ఆ తెలుపును చూసిన సంతోషంలో ఒక్క క్షణం ఆ ఉప్పు ఎవరిదో నాకే గుర్తులేదు.

"ఉప్పు ఎక్కడి నుంచి వచ్చింది?" అంది ఆఫీసరమ్మ.

మేనేజర్ రేకుల కప్పు వైపు చూశాడు. నేను సంచిలోంచి నల్లగుడ్డ మూట తీసి బల్ల మీద పెట్టాను.

"ఇది ట్యాంకు మెడకు కట్టి ఉండె. దిష్టికి."

"ఎవరు కట్టిండ్రు?"

"నేనే."

"ఎన్ని రోజులు?"

"పదహారు అమావాస్యలు. ప్రతిసారి కొత్త ఉప్పు."

ఆమె పెదవి బిగబట్టుకుంది కానీ ఆగలేదు, పకపకా నవ్వింది. ల్యాబు అమ్మాయి నవ్వింది. క్యాన్లు పట్టుకుని నిలబడ్డ రైతులు నవ్వారు. నడుము నిటారుగా పెట్టుకుని అందరి నవ్వూ అయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత కాగితం అడిగి, అందరి ముందు, నేను రాసిన ఫిర్యాదు తప్పని, వెనక్కి తీసుకుంటున్నానని, ఉస్తాద్ పనిలో లోపం లేదని రాసి సంతకం పెట్టాను. మా వంశంలో అలాంటి కాగితం అదే మొదటిది. ఈసారి అక్షరాలు ముత్యాల్లా రాలేదు.

ఉస్తాద్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని విన్నాడు. కళ్లు తుడుచుకుని నా దగ్గరికి వచ్చాడు.

"దిష్టి ట్యాంకుకు తీసిండ్రు పటేల్ సాబ్, తగిలింది మాత్రం నాకు."

"తప్పయింది ఉస్తాద్. శనివారం అన్నం గూడ సిగ్గుకే తినలే. ఇంకోటి అనుకోకు."

"గదా సంగతి! నా భార్య రెండు రోజులసంది నన్ను తిడ్తున్నది, పెద్దమనిషిని ఏమన్నవని." చేతిలోని టిఫిన్ డబ్బా ఎత్తి చూపించాడు. "తినుండ్రి. దీంట్ల ఉప్పున్నది, భయపడకుండ్రి."

ఇద్దరం ట్యాంకు నీడలో కూర్చుని తిన్నాం. నా సర్వీసులో అంత రుచిగా తిన్న పూట ఇంకోటి గుర్తులేదు. మిగతా మూడు ట్యాంకులు ఆయనే చేశాడు. తర్వాత ఇంకెన్ని చేశాడో ఆయనకే లెక్క లేదు.

మీలో ఎవరైనా కొత్తగా ఈ పనిలోకి వస్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. స్టెయిన్‌లెస్ అన్న పేరును నమ్మి దాన్ని ఏదైనా తట్టుకునే వీరుణ్ణి చేయకండి. దానికి కావలసింది శుభ్రం, గాలి. ఆ రెండూ ఉంటే తనను తాను కాపాడుకుంటుంది. ఇప్పటికీ ఏ హోటల్లోనైనా స్టీలు గ్లాసు చేతికొస్తే వెలుతురుకు పట్టి చూస్తాను. కనబడని ఆ పొర అక్కడ ఉందని తలుచుకుంటే ఈ వయసులో కూడా ఒళ్లు జలదరిస్తుంది.

ట్యాంకు మెడ రింగు, కింద గుంటలు పడ్డ పైరేకు మార్చాల్సి వచ్చింది. కూలి తీసుకోనని ఉస్తాద్ మొండికేశాడు. రేకు ఆఫీసు నుంచి పంపిస్తామని ఆఫీసరమ్మ చెప్పింది, అవసరం లేదన్నాను. పటేలరికం రోజుల నుంచి మా ఇంట్లో మిగిలిన రెండు ఇత్తడి గంగాళాలను జనగామ బజార్లో తూకానికి అమ్మి ఆ రేకు కొన్నాను.